సగంలో ఆగిన ముగ్గు

నాకిప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు పల్నాడులో ప్రభుత్వాసుపత్రుల మందుల కిటికీ వెనక పనిచేశాను. పొద్దున్నే కిటికీ తలుపు తీసేసరికి చీటీలు పట్టుకున్న చేతులు వరసగా లోపలికి వచ్చేవి. ఏ బిళ్ళ దేనికో, పూటకెన్నో, తిండికి ముందో తరవాతో కంఠతా వచ్చిన పద్యంలా చెప్పి పంపేవాణ్ణి. అంత చెప్పినవాణ్ణి, మా ఇంట్లో నా పక్క మంచం మీద పడుకున్న మనిషి పొద్దున లేవగానే గోడ ఎందుకు పట్టుకుంటోందో రెండు నెలలపాటు అడగలేదు. ఆ రెండు నెలల కోసమే ఇది రాస్తున్నాను.

మీ ఇళ్ళలో బీపీకీ షుగరుకీ మందులు వేసుకునే అమ్మానాన్నలు ఉంటారు. బీపీ పెరిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. మందు వేసుకుంటున్న మనిషికే తెల్లవారేసరికి అది పడిపోవచ్చన్న ఊహ మాత్రం చాలామందికి రాదు. నాకూ రాలేదు.

1. కళ్ళు తిరుగుతున్నాయన్న మాటకు కాఫీ జవాబు కాదు.

2016 మార్చిలో మా ఆవిడ మొదటిసారి ఆ మాట అంది. "ఏవండీ, లేవగానే ఒళ్ళు తేలిపోతున్నట్టుంది. కాసేపటికి సర్దుకుంటోంది." అప్పటికి ఆవిడకు షుగరు వచ్చి పద్దెనిమిదేళ్ళు, బీపీ వచ్చి పన్నెండేళ్ళు. "రాత్రి సరిగ్గా నిద్రపట్టి ఉండదు, కాఫీ తాగు, అదే పోతుంది" అన్నాను. కాఫీ తాగింది. కాసేపటికి సర్దుకుంది కూడా. దాంతో నా మాటే నిజమనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ చెప్పవలసిందంతా ఆ రెండు ముక్కల్లోనే చెప్పింది. పడుకున్నప్పుడు లేదు, లేచినప్పుడు ఉంది, కాసేపటికి పోతోంది. ఇంతకంటే స్పష్టంగా ఏ రోగి చెబుతాడు? కిటికీ దగ్గర ఎవరో ముసలమ్మ ఈ మాట చెప్పి ఉంటే, "డాక్టరుగారికి చూపించు తల్లీ" అని వెనక్కి పంపేవాణ్ణి.

మే నెల చివరి వారం, రోహిణి కార్తె. పొద్దున అయిదున్నరకు వాకిట్లో బస్తా దించినట్టు మెత్తటి చప్పుడయింది. నేను బయటికి వచ్చేసరికి కళ్ళాపి తడి ఇంకా ఆరలేదు. పదకొండు చుక్కల ముగ్గు. చుక్కలన్నీ పడ్డాయి. గీత మాత్రం మూడో వరస దగ్గర మెలిక తిరిగి, గేటు దాకా ఒకే తెల్లటి చారగా జారిపోయింది. ముగ్గు గిన్నె బోర్లా పడి ఉంది. ఆవిడ ఎడమ పక్కకు ఒరిగి, మోచేతి మీద లేవాలని చూస్తోంది. "కాలు జారలేదండీ, వంగి లేచాను, కళ్ళ ముందు చీకటి వచ్చింది, అంతే" అంది. తుంటి ఎముక విరిగింది.

2. ఒక్క అంకెను చూసి మందు మార్చకూడదు.

ఈ మాట రాయడం నాకు అన్నిటికంటే కష్టం. ఆవిడ పడడానికి పదకొండు రోజుల ముందు ఒక పెళ్ళికి వెళ్ళి రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చాం. మేడ మెట్లెక్కి, ఇంకా పట్టుచీర మార్చుకోకముందే, "ఒకసారి బీపీ చూద్దాం రా" అని కూర్చోబెట్టాను. జాకెట్టు చేతి మీదే పట్టీ చుట్టాను. మిషను గాలి కొడుతుండగా పెళ్ళి కబుర్లు చెబుతూనే ఉంది. 168/94 చూపించింది. అప్పటికే ఆవిడ పొద్దున టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బిళ్ళ ఒకటి, రాత్రి ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు వేసుకుంటోంది. ఆ రాత్రి నుంచి ఆమ్లోడిపిన్ ఇంకొకటి కలిపాను. డాక్టరును అడగలేదు. నాకు తెలుసులే అనుకున్నాను.

ఆమ్లోడిపిన్ నెమ్మదైన మందు. వేసుకున్న దానిలో సగం ఒంట్లోంచి పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. రోజూ వేసుకుంటుంటే దాని పూర్తి బలం వారం దాటాక గాని తెలియదు. అందుకే పెంచిన మర్నాడు చూస్తే ఏమీ మారినట్టు ఉండదు. పదో రోజుకు అసలు సంగతి బయటపడుతుంది. ఇది నాకు తెలియని విషయం కాదు. ఎన్నోసార్లు పరీక్షల్లో రాసినదే. తెలిసి కూడా ఇంట్లో మనిషి దగ్గర మరిచిపోయాను.

ఆసుపత్రిలో ఏయే మందులు వాడుతున్నారని అడిగితే పాత చీటీయే చూపించాను. మూడో రోజుకు గాని అసలు మాట నోరు దాటలేదు. మా అబ్బాయికి ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఆ రాత్రి అంకె నిజమో కాదో కూడా నాకు తెలియదు. బీపీ చూసే ముందు మూత్రానికి వెళ్ళిరావాలి. వీపు ఆనించి, పాదాలు నేల మీద మోపి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీ ఒంటి మీదే చుట్టాలి, గుడ్డ మీద కాదు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ చూపిస్తుంది. మాట్లాడకూడదు. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. వారం రోజులు పొద్దున్నా సాయంత్రం అలా రాసిన కాగితం డాక్టరు ముందు పెడితే, అది నా ఒక్క రాత్రి అంకె కంటే ఎన్నో రెట్లు విలువైనది.

3. మనిషిని నిలబెట్టి చూడనిది బీపీ చూసినట్టు కాదు.

ఆపరేషను అయిన మూడు వారాలకు వాకరు పట్టుకుని నడిపించడం మొదలుపెట్టారు. రెండడుగులు వేసి ఆవిడ పాలిపోయిన మొహంతో కూలబడబోయింది. అప్పుడు అక్కడి కుర్ర డాక్టరు ఒక పని చేశాడు. మంచం మీద అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూశాడు. 146/82. నిలబెట్టి ఒక నిమిషానికి చూశాడు. 118/70. మూడు నిమిషాలకు 102/62. పట్టీ విప్పుతూ నా వైపు తిరిగి, "ఇంట్లో ఎప్పుడైనా నిలబెట్టి చూశారా అండీ?" అని అడిగాడు. నేను చూడలేదు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఎవరైనా అలా చూడగా గమనించిన గుర్తు కూడా నాకు లేదు.

లేచిన మూడు నిమిషాల్లో పై అంకె 20 గాని, కింద అంకె 10 గాని పడిపోతే దాన్ని పట్టించుకోవలసిన జబ్బుగానే లెక్కవేస్తారు. ఆవిడకు పై అంకె 44 పడింది. పడుకోబెట్టి చూసినవాడు ఇంకో బిళ్ళ కలుపుతాడు, నిలబెట్టి చూసినవాడు ఒకటి తీసేస్తాడు. మనిషి ఒక్కరే.

అది ఎందుకు జరుగుతుందో ఆ డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. మనం లేచి నిలబడగానే అర లీటరు నుంచి లీటరు దాకా రక్తం కాళ్ళలోకీ పొట్టలోకీ దిగిపోతుంది. ఆ క్షణంలోనే నరాలు పసిగట్టి, రక్తనాళాలను బిగించి, గుండెను కాస్త వేగంగా కొట్టించి తల దాకా రక్తం అందేలా చూస్తాయి. ఈ పనంతా మన ప్రమేయం లేకుండానే జరుగుతుంది కాబట్టి అది ఉందనే మనకు తెలియదు. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవాళ్ళలో పాదాలు మొద్దుబారినట్టే, ఈ కనిపించని నరాలూ మొద్దుబారతాయి. నాళాలు బిగుసుకోవడం ఆలస్యమవుతుంది. ఆలోపు కళ్ళు చీకట్లు కమ్ముతాయి. అదే సమయంలో నాళాలను వదులుచేసే మందో, ఒంట్లో నీరు తగ్గించే మందో పనిచేస్తూ ఉంటే ఇక చెప్పాలా?

నాడి కూడా చూడమన్నాడు. నిలబడినప్పుడు బీపీ పడినా నాడి పెద్దగా పెరగకపోతే నరాల మీద అనుమానం. బాగా వేగం పెరిగితే ఒంట్లో నీరో రక్తమో తగ్గిందేమో వెతకాలి. ఇంట్లో ఉండే మిషను ఆ మూడో అంకె కూడా చూపిస్తుంది. దాన్ని ఎవరూ రాసుకోరు. రాసుకోండి.

మరి పొద్దుటి పూటే ఎందుకు? ఇలా నరాలు దెబ్బతిన్నవాళ్ళకు రాత్రంతా పడుకునే ఉండటం వల్ల బీపీ పెరిగి, మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ ఎక్కువగా బయటికి పంపేస్తాయి. తెల్లవారేసరికి ఒళ్ళు ఎండి ఉంటుంది. మా ఆవిడ రాత్రి మూడుసార్లు మూత్రానికి లేచేది. షుగరు కదా అని ఊరుకున్నాను.

4. రాత్రి వేసుకున్న బిళ్ళ లెక్క తెల్లవారుజామున తేలుతుంది.

ఇది నా మీద నేను నేర్చుకున్నది. ఆవిడ పడిన నాలుగేళ్ళకు ప్రోస్టేటు వాపుకని నాకు ఒక డాక్టరు టామ్సులోసిన్ రాశాడు. రాత్రి పడుకోబోయే ముందు వేసుకోమన్నాడు. బీపీ మందులు రాసేది ఇంకో డాక్టరు. ఒకరి చీటీ ఒకరికి చూపించలేదు. టామ్సులోసిన్ మూత్రనాళం దగ్గరి కండరాన్ని వదులు చేస్తుంది. కొందరిలో రక్తనాళాలనూ కాస్త వదులు చేస్తుంది. అయిదో రోజు తెల్లవారుజామున నాలుగింటికి మూత్రానికి లేచి, పని అయిపోయాక గోడకు జారబడిపోయాను. తలుపు గడియ పెట్టుకోలేదు కాబట్టి వెంటనే లేపారు. అప్పటి నుంచి మా ఇంట్లో రాత్రి పూట బాత్రూము తలుపుకు ఎవరూ గడియ పెట్టరు. మగవాళ్ళయినా కూర్చునే మూత్రం పోస్తాం.

రాత్రి వేసుకుంటే బీపీ మందు బాగా పనిచేస్తుందని చాలామంది నమ్ముతారు. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం, మరణాల విషయంలో పొద్దున వేసుకున్నవాళ్ళకూ సాయంత్రం వేసుకున్నవాళ్ళకూ తేడా కనబడలేదు. కాబట్టి పొద్దుట తూలుతున్న మనిషి, ఏ బిళ్ళను ఏ పూటకు మార్చవచ్చో డాక్టరును ధైర్యంగా అడగవచ్చు. పూట మార్చుకోవడం వల్ల పోయేదేమీ ఉండకపోవచ్చు. అడిగే హక్కు మాత్రం ఉంది.

ఎన్ని చీటీలు ఉన్నా అన్నీ ఒకే కవరులో పెట్టి, ప్రతి డాక్టరు ముందూ బల్ల మీద పరవండి. కంటి డాక్టరు అయినా సరే.

5. బిళ్ళ అదే ఉంటుంది, ఒళ్ళు మారిపోతుంది.

ఆవిడ పడిన ఆ ఏడాది శివరాత్రికి ముందు నుంచి రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు తింటోంది. పచ్చళ్ళు తగ్గించింది. పడేనాటికి ఏడు కిలోలు తగ్గింది. చుట్టాలందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. ఏడు కిలోలు ఎక్కువ బరువున్నప్పుడు రాసిన మోతాదు ఇప్పుడు ఎక్కువవుతుందేమో అని ఒక్కరమూ అనుకోలేదు. ఉప్పు తగ్గి, బరువు తగ్గితే బీపీ దానంతటదే తగ్గుతుంది. డాక్టర్లు చెప్పేదీ అదే కదా. తగ్గినప్పుడు మందు కూడా తగ్గాలన్న రెండో సగం మాత్రం మనం వినం.

దాని మీద పల్నాడు ఎండ. రెంటచింతల వైపు మే నెల ఎలా ఉంటుందో రాష్ట్రమంతటికీ తెలుసు. రాత్రి కూడా వడగాలి తగ్గదు. చెమట రూపంలో నీరూ ఉప్పూ పోతుంటే, ఇంకో పక్క నీరు లాగే బిళ్ళ తన పని తాను చేసుకుపోతుంది. సంక్రాంతి చలిలో సరిపోయిన మోతాదు రోహిణి కార్తెకు ఎక్కువ కావచ్చు. ఎండలు ముదరకముందే ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి. వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజూ, నిర్జల ఉపవాసం రోజూ ఇదే మాట. అలాంటి రోజుల్లో ఏ బిళ్ళ ఆపాలి, ఏది ఆపకూడదు అన్నది ముందే అడిగి, చీటీ వెనక రాయించుకోవాలి. ఆ రోజు వచ్చాక ఫోను చేస్తే డాక్టరు దొరకడు.

ఈమధ్య షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు వచ్చాయి. 2020లో దాని పేటెంటు మన దేశంలో ముగిశాక ధర బాగా తగ్గి పల్లెల దాకా చేరింది. మంచి మందు, గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేస్తుంది. అది పనిచేసేది చక్కెరను మూత్రంలోకి పంపి. చక్కెర వెంట నీరూ పోతుంది, బీపీ కూడా నాలుగైదు పాయింట్లు తగ్గుతుంది. షుగరు డాక్టరు దాన్ని కొత్తగా మొదలుపెట్టినప్పుడు బీపీ మందులు ఏమేమి ఉన్నాయో ఆయనకు తెలియాలి.

6. తూలినవాళ్ళకు బీపీతో పాటు షుగరూ చూడాలి.

నాతో పనిచేసిన ఒకాయన ఉన్నాడు. అటెనలాల్, గ్లిమెపిరైడ్ రెండూ వాడేవాడు. ఒక పొద్దున ఒళ్ళు చల్లబడి, మాట తడబడి కూలబడ్డాడు. బీపీ పడిపోయిందని ఇంట్లోవాళ్ళు ఉప్పు మజ్జిగ పట్టారు. నాకు ఫోను చేస్తే నేనూ "మంచి పని చేశారు" అన్నాను. అరగంటకు షుగరు చూస్తే 48. గ్లిమెపిరైడ్ వల్ల షుగరు పడిపోతుంది. పడినప్పుడు మామూలుగా చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. అటెనలాల్ ఆ రెండు గుర్తులనూ కప్పేస్తుంది. చెమట ఒక్కటే మిగులుతుంది. ఆ చల్లటి చెమట గురించి వాళ్ళు ఫోనులో చెప్పారు. నేను పట్టుకోలేదు. ఆ అరగంట ఆయనకు ఏ హానీ చెయ్యలేదు. చేసి ఉండవచ్చు.

షుగరు 70 కన్నా తక్కువ ఉంటే, మనిషి మింగగలిగితే, మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్ళలో కలిపి ఇచ్చి పావుగంటకు మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి చెయ్యాలి.

7. తగ్గిందని ఆపేయడం, పెరిగిందని కలపడం ఒకే తప్పు.

మా ఆవిడ సంగతి తరవాత నాకు తక్కువ బీపీ అంటే భయం పట్టుకుంది. అప్పుడే మా అన్నయ్య ఊరి నుంచి ఫోను చేసి, "పొద్దున 98/60 చూపిస్తోందిరా, నీరసంగా ఉంది" అన్నాడు. "అయితే అన్నీ ఆపెయ్యి అన్నయ్యా, ఆదివారం వచ్చి చూస్తాను" అన్నాను. వాటిలో గుండె కోసం రాసిన అటెనలాల్ ఉంది. ఆ జాతి మందును ఒక్కసారిగా ఆపితే, అన్నాళ్ళూ అణచిపెట్టిన గుండె వేగం విరుచుకుపడుతుంది. నాళాలు పూడి ఉన్నవాళ్ళకు అది ప్రమాదం. నాలుగో రోజున గుండెనొప్పితో గుంటూరు తీసుకెళ్ళాం. బతికి, ఇంకో ఆరేళ్ళు ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడం ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

పొద్దున అంకె తక్కువగా కనబడి, మనిషి మామూలుగా ఉంటే ఆ రోజే డాక్టరుకు ఫోను చేసి అడగండి. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి ఉన్నా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, మలం తారులా నల్లగా పోయినా అడగడానికి ఆగవద్దు, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రక్తం పలచబరిచే బిళ్ళ వాడేవాళ్ళ కడుపులో రక్తం కారినా మొదట కనబడేది ఈ కళ్ళు తిరగడమే కావచ్చు.

8. మంచం దిగడం కూడా ఒక పనే.

ఆవిడకు హైడ్రోక్లోరోథయజైడ్ తీసేశారు. నేను కలిపిన ఆమ్లోడిపిన్ పోయింది. ముందునుంచీ ఉన్న ఆమ్లోడిపిన్‌నూ సగం చేశారు. అది ఆవిడ ఒంటికి సరిపడ్డ ఏర్పాటు, ఇంకొకరికి వేరుగా ఉంటుంది. మంచం తల వైపు రెండు కోళ్ళ కింద ఇటుకలు పెట్టాం. పరుపు మొత్తం ఆ వైపు అరడుగు ఎత్తు లేచింది. తల ఎత్తులో ఉంటే రాత్రి మూత్రపిండాల తొందర కాస్త తగ్గుతుంది. వారంలో ఆవిడ మూడుసార్లు లేచేది ఒకటికి వచ్చింది. తలంటు వేడివేడి నీళ్ళతో కాకుండా గోరువెచ్చగా, స్టూలు మీద కూర్చుని పోసుకుంటోంది. వేడినీళ్ళకు నాళాలు వదులవుతాయి.

పొద్దున అయిదున్నరకు మెలకువ వస్తే పడుకునే పాదాలు ముందుకూ వెనక్కూ ఇరవైసార్లు ఆడిస్తుంది. పిక్కల్లో రక్తం కదులుతుంది. లేచి మంచం అంచున కూర్చుంటుంది. నేను రెండు గ్లాసుల నీళ్ళు ఇస్తాను. గుండె నీరసం, కిడ్నీ జబ్బు ఉండి నీళ్ళు కొలిచి తాగేవాళ్ళకు ఇది పనికిరాదు. మిగతావాళ్ళకు ఆ నీళ్ళే కాసేపట్లో బీపీని నిలబెడతాయి. గోడ గడియారంలో సెకన్ల ముల్లు రెండు చుట్లు తిరిగే దాకా అక్కడే ఉంటుంది. నోటుబుక్కులో కూర్చున్న అంకె, నిలబడ్డ అంకె, నాడి రాస్తాను. ఇది ఏడో నోటుబుక్కు.

ఆ తరవాత వాకరుతో గుమ్మం దాకా వచ్చి కుర్చీలో కూర్చుంటుంది. సెలవులకు వచ్చినప్పుడు మా మనవరాలు ముగ్గు వేస్తుంది. మొన్న సంక్రాంతికి అది ఏడు చుక్కలు పెట్టి ఆపబోతే, "పదకొండు పెట్టవే తల్లీ, గేటు దాకా రావాలి" అని కుర్చీలోంచే చెప్పింది. పిల్ల చెరిపి మళ్ళీ చుక్కలు పెట్టింది. మూడో వరస దగ్గర మెలిక ఎటు తిప్పాలో తెలియక వెనక్కి తిరిగి చూసింది. ఆవిడ గాలిలో వేలితో గీసి చూపించింది.